తాటాకు పాక, మామిడి చెక్కలు, వెలిగారం నీళ్ళు: నా ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 9

ముందు సంగతేంటో చెప్పీసి మొదలెడతాను. మాది నరసన్నపేట దగ్గర పల్లె. పెరట్లో వంటపాక ఉంది, తాటాకు కప్పు, తాటి వాసాలు, మూడు పక్కలా మట్టిగోడ, పడమర పక్క మాత్రం చెక్కల గోడ, అది కూడా సగం చెదలు తినీసింది. నిరుడు ఏప్రిల్లో పడమర పక్కింటోళ్ళ గడ్డికుప్ప అంటుకుంది. ఎవరో బీడీ పడీసారని కొందరు, కరెంటు తీగ రాసుకుందని కొందరు, ఏదైతేనేం గాలికి నిప్పురవ్వలు లేచి మా పాక చూరు మీద పడ్డాయి. ఊరంతా బిందెలట్టుకొని వచ్చారు కాబట్టి రెండు మూరల చూరు కాలి ఆగింది, ఫైర్ ఇంజను వచ్చేసరికి మేం టీ తాగుతున్నాం.

అప్పట్నుంచి నాన్న "రేకులేసీద్దాం రా" అంటాడు, అమ్మ "రేకు కింద మే నెల్లో నువ్వొండు" అంటాది. అమ్మే నెగ్గింది. సో ఈ వేసవిలో పాక విప్పి మళ్ళీ కడుతున్నాం, మళ్ళీ తాటాకే, మళ్ళీ చెక్కే, కానీ నిప్పురవ్వ పడగానే భగ్గుమనకుండా ఏదో ఒకటి చెయ్యాలి. ఆ ఏదో ఒకటి నా నెత్తి మీద పడింది, ఎందుకంటే ఇంట్లో కెమిస్ట్రీ చదివింది నేనొక్కడినే (చదివి పదమూడేళ్ళయింది, అది వేరే విషయం).

కొలతలు రాసుకుంటున్నాను మళ్ళీ మర్చిపోతాను: పాక 10 బై 16 అడుగులు. కప్పు రెండు వాలులు, ఒకటి తూర్పుకి ఒకటి పడమరకి, చూరుతో కలిపి సుమారు 20 చదరపు మీటర్లు. చెక్కల గోడ 16 అడుగుల పొడుగు, 7 అడుగుల ఎత్తు.

ఫిబ్రవరి 12

మూడు రాత్రులు కూచొని చదివాను. మొదట అర్థమైంది ఏంటంటే చెక్కని ఫైర్‌ప్రూఫ్ చెయ్యడం అనేది లేదు, ఎవరన్నా అలా అమ్మితే నమ్మకండి. చేయగలిగింది అంటుకోడాన్ని ఆలస్యం చెయ్యడం, అంటుకున్నాక పాకడాన్ని తగ్గించడం, అంతే.

ఇంకోటి, చెక్క నేరుగా మండదు. వేడి చేస్తే ముందు లోపలి తడి ఆవిరైపోద్ది, 200 డిగ్రీలు దాటాక చెక్క విరిగి గ్యాసులు వదలడం మొదలెడుద్ది, 300 దరిదాపుల్లో ఆ గ్యాసులు అంటుకుంటాయి, మనకి కనపడే మంట వాటిదే. ఫాస్ఫేటు ఉప్పు పట్టించిన చెక్కయితే ఆ వేడికి ఉప్పులోంచి ఫాస్ఫారిక్ యాసిడ్ పుట్టి చెక్కలో నీళ్ళంశాన్ని లాగేసి దాన్ని బొగ్గు చేసీస్తుంది. బొగ్గు ఎక్కువైతే గ్యాసు తక్కువ, పైగా ఆ బొగ్గు పొర లోపలి చెక్కకి దుప్పటిలా అడ్డం. ఇదేం కొత్త కాదు, 1821లోనే ఫ్రాన్సులో గేలుసాక్ అనే ఆయన నాటకశాల తెరలు కాలకుండా ఏం చెయ్యాలని చూసి అమ్మోనియం ఫాస్ఫేటు, నవాసారం, వెలిగారం లాంటివి పనిచేస్తాయని తేల్చాడు. అంటే 200 ఏళ్ళ కిందటి మందు, ఇప్పుడు మన ఎరువుల కొట్లో డీఏపీ అనే పేరుతో బస్తా 1350 రూపాయలకి దొరుకుతుంది. ఇది చదివినప్పుడు ఒక్కడినే నవ్వుకున్నాను.

రెండోది బోరాక్సు, బోరిక్ యాసిడ్ జంట. బోరాక్సంటే మన వెలిగారం, కంసాలి దగ్గర బంగారం అతకడానికి వాడతారు, ఉద్దానం వైపు కొబ్బరి చెట్లకి బోరాన్ లోపం వస్తే మొదట్లో వేసేదీ అదే. బోరిక్ యాసిడ్ అంటే కేరమ్ బోర్డు మీద జల్లే పౌడరు. దీనికి ఇంకో లాభం, చెదలు కూడా తినవు. నాన్నకి మంట సంగతి పెద్దగా ఎక్కలేదు గానీ చెదల మాట వినగానే లేచి కూచున్నాడు.

ఆయన ఐడియా ఏంటంటే ట్రాక్టరు పాత ఇంజనాయిలు పులిమీడం. ఊళ్ళో సగం మంది చెక్కకి అదే చేస్తారు, పలాస పక్క జీడిపిక్క నూనె పూస్తారు, చెదలకి బానే ఉంటాది. కానీ నాన్నా, మంట గురించి మాట్లాడుకుంటూ చెక్కకి నూనె పట్టిస్తామేటి.

ఫిబ్రవరి 14

శ్రీకాకుళం వెళ్ళి కెమికల్సు తెచ్చాను. బోరాక్సు 7 కేజీలు, బోరిక్ 3 కేజీలు, జేబు బానే కాలింది. 7 కి 3 అనేది గుడ్డలకి మంట తగలకుండా వాడే పాత లెక్క, చెక్కకి కూడా దగ్గర్లో పనిచేస్తుందని దాన్నే పట్టుకున్నాను. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో 70 లీటర్ల నీళ్ళు.

బోరాక్సు ఒక్కటే చల్లనీళ్ళలో వేసి అరగంట కర్రతో తిప్పాను, అడుగున ఇసకలా కూచుంది. కాసిన వేడినీళ్ళు పోస్తే కరిగింది, చల్లారాక మళ్ళీ అంచులకి పటికబెల్లం ముక్కల్లా గడ్డకట్టింది. బోరిక్ యాసిడ్ వేసి తిప్పాక అప్పుడు మొత్తం తేటగా అయ్యి అలాగే నిలబడిపోయింది. రెండూ విడివిడిగా మొండివి, కలిస్తే ఎక్కువ కరుగుతాయి. ఇది నాకు ముందే తెలిసుంటే భుజం నొప్పి తప్పేది. ఇంత తిప్పలు వద్దనుకునేవాళ్ళకి ఎరువుల కొట్లో 20 శాతం బోరాన్ అని పిచికారీ పౌడరు ఉంటుంది, అది దాదాపు ఇదే మిశ్రమం, చల్లనీళ్ళలోనే కరిగిపోద్ది.

డీఏపీ సంగతి వేరు. ఎరువు గుళికలు కాబట్టి పైన పూత, లోపల మట్టీ మశానం. రాత్రంతా నానబెట్టి పైన తేట పాత చీరతో వడకట్టాను. టీ డికాషన్ రంగు వచ్చింది.

ఫిబ్రవరి 15

ఈ రోజు చేసిన తెలివితక్కువ పని రాయకపోతే డైరీ అబద్ధం అవుద్ది. డీఏపీ మంచిదే, బోరాక్సు మంచిదే, రెండూ కలిపితే డబుల్ మంచిది కదా అని ఒక బకెట్లో కలిపీసాను. పది నిమిషాల్లో కళ్ళు మంట, ముక్కు మంట, పెరడంతా పశువుల సాల కంపు. బోరాక్సు నీళ్ళకి క్షారగుణం, డీఏపీలో అమ్మోనియా, క్షారం తగిలితే అది గ్యాసై లేచిపోద్ది. టెన్త్ క్లాసు పాఠం. అమ్మ వచ్చి "ఏటి, ఇంట్లోకి ఆవుని తోలుకొచ్చినావేటి" అంది.

ఆ బకెట్టు కొబ్బరి చెట్టు మొదట్లో కూడా పోయలేదు, అంత బోరాన్ ఒక్క చెట్టుకి పోస్తే మాడిపోద్ది. రోడ్డవతల ఖాళీ గొయ్యిలో పోసాను, నూతికి దూరంగా.

సాయంత్రం నాన్న తన వంతు చేసాడు. డీఏపీలో నానబెట్టిన ఒక చెక్కకి "తెల్లగా ఉంటాదని" సున్నం కొట్టాడు. మళ్ళీ అదే కంపు. సున్నం కూడా క్షారమే కదా, పైగా కాల్షియం తగిలి ఫాస్ఫేటంతా పనికిరాని తెల్ల పొడి అయిపోద్ది.

ఫిబ్రవరి 24

మొదటి కాల్చుడు టెస్టు! మామిడి చెక్క పుల్లలు, 8 అంగుళాల పొడుగు, అంగుళం వెడల్పు, పావంగుళం మందం, రెండు రోజులు నానబెట్టి వారం ఎండబెట్టాను. గ్యాసు స్టవ్ చిన్న బర్నరు మీద ఒక నిమిషం, ఆ తర్వాత తీసి ఏమవుద్దో చూడ్డం.

ఏమీ పెట్టని పుల్ల తీసాక కూడా హాయిగా మండుతూ చేతి దాకా వచ్చింది, నీళ్ళలో ముంచాను. బోరాక్సు ఒక్కటే పెట్టింది తీయగానే మంట ఆరింది గానీ అంచు అగరొత్తిలా ఎర్రగా రాజుకుంటూ పోయింది, అలా ఆరేడు నిమిషాలు, ఊదితే ఇంకా ఎరుపు. బోరిక్ ఒక్కటే పెట్టింది దానికి రివర్సు, మంట మామూలుగానే వచ్చింది, ఆరాక మాత్రం రాజుకోలేదు, నల్లగా చచ్చిపోయింది. రెండూ కలిపింది తీసిన రెండు మూడు సెకన్లలో మంట పోయింది, రాజుకోడం కూడా లేదు. ఎందుకు జంటగా వాడతారో పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు, కళ్ళతో చూసాక ఎక్కింది. గడ్డి కప్పుకీ తాటాకు కప్పుకీ రాజుకోడమే అసలు ప్రమాదం, పైకి ఏం కనపడదు, లోపల్లోపల పాకి అర్ధరాత్రి మంటై లేస్తాది.

డీఏపీ పుల్ల అన్నిటికన్నా బాగా చేసింది, తీసిన మరుక్షణం మంట లేదు, పైన గట్టి నల్ల బొగ్గు పెంకు. పొగ మాత్రం గొంతు పట్టీసింది.

అంటే డీఏపీనే అని నిర్ణయించీసి ఆనందంగా పడుకున్నాను. తొందరపడ్డానని ముందుకెళ్తే తెలుస్తుంది.

మార్చి 2

తాటాకు. గట్టు మీద మా చెట్లవే, కొట్టించి తిరగేసి బరువు పెట్టి చదును చేసాం. మందు నీళ్ళలో ముంచి తీస్తే తామరాకు మీద నీళ్ళలాగ జారిపోతున్నాయి. ఆకు మీద మైనం పొర ఉంటుంది, వానకి తట్టుకునేది దానివల్లే, మన మందు పట్టనివ్వనిదీ అదే.

ఇల్లు కప్పే తాత వచ్చి చూసాడు. డెబ్బై దాటింటాయి, మా చుట్టుపక్కల ఆకు కప్పేవాళ్ళలో ఇంకా నిచ్చెనెక్కేది ఆయనొక్కడే. "ఏటి బాబూ, ఆకుకి తానం సేయిస్తన్నావా?" అన్నాడు. విషయం చెప్పాను. అంతా విని "ఉప్పే కదా ఇది? మరి వోనొస్తే ఎలిపోదా?" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పాను, ఆకు మడతల్లో ఉంటుంది, కొంతే పోద్ది అని. ఆయన తలూపాడు గానీ నమ్మలేదు.

జారిపోడానికి మందు దొరికింది: పొలంలో పిచికారీ చేసేటప్పుడు కలుపుతారే ఆ జిగురు, డ్రమ్ముకి మూడు మూతలు. ఆకు తడిసింది. ఒక రాత్రంతా ముంచి తీసి నీడన ఆరబెట్టాం. సగం ఆకు డీఏపీలో, సగం వెలిగారం జంటలో. తూర్పు వాలుకి డీఏపీ ఆకు, పడమర వాలుకి వెలిగారం ఆకు వేసి తేడా చూద్దామని ప్లాను.

గ్లౌజులు వేసుకోండి. నేను వేసుకోలేదు, గోళ్ళ చుట్టూ పగిలి వారం అన్నం కలుపుకోడం కష్టమైంది. పశువుల్ని దూరంగా కట్టండి, ఉప్పగా ఉంటే నాకుతాయి, ఈ రెండూ వాటి కడుపుకి మంచివి కావు.

మార్చి 9

చెక్కలు. ఆమదాలవలస కోత మిల్లు నుంచి మామిడి చెక్క, అంగుళం మందం, అప్పుడే కోసిన పచ్చిది కావాలని అడిగాను. మిల్లాయన వింతగా చూసాడు, అందరూ ఆరినది అడుగుతారు. పచ్చిది ఎందుకంటే బోరాన్ చెక్కలో తడి ఉన్నంత మేర దానంతటదే లోపలికి పాకుతుంది. ఎండిన చెక్కకి బ్రష్షుతో రాస్తే అది పై చర్మానికే. ఫ్యాక్టరీల్లో అయితే పెద్ద ఉక్కు సిలిండర్లో చెక్క పెట్టి గాలి లాగేసి, ఆ తర్వాత ప్రెషరుతో మందు లోపలికి తోస్తారు. మా నీలం డ్రమ్ముకి అంత సీను లేదు.

పునాది గొయ్యిలో టార్పాలిన్ పరిచి గోరువెచ్చటి మందు నీళ్ళు పోసి చెక్కలు మూడు రోజులు ముంచాం, తీసి తడి ఆరకుండా అదే టార్పాలిన్లో చుట్టి మూటగట్టీసాం. మూడు నాలుగు వారాలు అలాగే ఉండాలి. బావ (వడ్రంగి పని ఆయనదే) "చెక్కకి బాలింత స్నానం పెట్టి మూల గదిలో పెట్టినట్టుంది" అన్నాడు.

మార్చి 22

మేకుల టెస్టు. డీఏపీ చెక్కకి రెండు మేకులు, వెలిగారం చెక్కకి రెండు మేకులు కొట్టి తడి గోనె కింద పెట్టాను రెండు వారాలు. వెలిగారం మేకులు దాదాపు కొత్తవే. డీఏపీ మేకులు తుప్పు పట్టి చెక్క మీద గోధుమ రంగు మరకలు కూడా. పైగా మన సముద్రపు గాలికి డీఏపీ చెక్క పొద్దున్నే ముట్టుకుంటే చెమ్మగా ఉంటుంది, అది గాల్లో తేమ లాగుతుంది.

ఇంకో పెద్ద విషయం చదివాను. 1980ల్లో అమెరికాలో ఇళ్ళ కప్పులకి మంట నిరోధక ప్లైవుడ్ వాడారు, కొన్నేళ్ళకే అది నల్లబడి పెళుసై కాలు వేస్తే విరిగేలా అయిపోయింది చాలా చోట్ల. కారణం ఏంటంటే మంట వచ్చినప్పుడు యాసిడ్ అవ్వాల్సిన ఫాస్ఫేటు ఉప్పు కప్పు మీద ఎండ వేడికే మెల్లగా పని మొదలెట్టీసింది, నిప్పు లేకుండానే చెక్కని తినీసింది. ఆ తర్వాతే కప్పు వేడిలో బలం ఎంత తగ్గుద్దో చూసే టెస్టులు పెట్టారు. మా పాకలో వాసాల కింద రోజూ కట్టెల పొయ్యి. కాబట్టి వాసాలకి, చెక్కలకి డీఏపీ కేన్సిల్. ఫిబ్రవరి 24 రాత్రి ఆనందం అక్కడితో సరి.

మార్చి 30

ఉగాది. పని లేదు. పచ్చడి తిన్నాం.

ఏప్రిల్ 6

ఈ రోజు టెస్టు నాకు అన్నిటికన్నా నచ్చింది. మూట విప్పి ఒక చెక్క అడ్డంగా కోసాం, మందు ఎంత లోపలికి వెళ్ళిందో ఎలా తెలియాలి? పసుపుతో. సర్జికల్ స్పిరిట్లో పసుపు కలిపి కోసిన ముఖానికి రాసి, ఆరాక బాత్‌రూం కడిగే యాసిడ్ బాగా పల్చగా చేసి దూదితో అద్దాలి (బయట, గాలి ఆడే చోట, స్పిరిట్ దగ్గర అగ్గిపెట్టె లేకుండా). బోరాన్ ఉన్న మేర ఎరుపు, లేని చోట పసుపు. యాసిడ్ ఎందుకంటే సున్నంలాంటి ఏ క్షారం తగిలినా పసుపు ఎర్రబడుద్ది, యాసిడ్ పెడితే ఆ ఎరుపు వెనక్కి పోద్ది, బోరాన్ ఎరుపు మాత్రం పోదు.

అమ్మ వెనక నుంచి చూసి "ఇదేం వింతరా, కుంకం ఇలాగే కదా చేసేది, పసుపు కొమ్ములు, నిమ్మరసం, వెలిగారం, పటిక, మా అమ్మ ఇంట్లోనే చేసేది" అంది. నేను రెండు రాత్రులు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకున్నది.

ఫలితం: అంగుళం మామిడి చెక్కలో రెండు పక్కల నుంచీ సుమారు 8 మిల్లీమీటర్లు ఎరుపు, మధ్యలో పసుపు పట్టీ. ఎండు సరుగుడు గుంజ కూడా ఒకటి ముంచాను చూద్దామని, దానికి గోరు మందం కూడా ఎక్కలేదు. తాటి వాసం ఇంకా మొండి, పై చేవ రాయిలాంటిది. అయితే ఎరుపు కనపడింది కదా అని మురిసిపోకూడదు, చెదలకి కొంచెం బోరాన్ చాలు, మంటకి దానికి చాలా రెట్లు పట్టాలి. అందుకే చెక్కల్ని ఎండలో ఆరబెట్టి ఇంకోసారి ముంచాను.

ఏప్రిల్ 13

కప్పు అయిపోయింది! తాత, ఆయన మనవడు, నేను, బావ, రెండు రోజులు. వెదురు దబ్బలు, కొబ్బరి తాడు. తూర్పు వాలు డీఏపీ ఆకు, పడమర వాలు వెలిగారం ఆకు. కోసుకొచ్చి పొయ్యి మీద పట్టిన ముక్కలు రెండూ టెస్టు పాసు. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపించాను.

ఏప్రిల్ 19

గాలివాన. సాయంత్రం నాలుగుకి మొదలై ఆరుంపావు దాకా, అలా ఇలా కాదు, మామిడికాయలన్నీ రాల్చీసింది. వాన వెలిసాక చూరు కింద నేల చూస్తే నీటి చారల మీద తెల్లటి చుట్టుగీతలు. నాకు అప్పుడే కడుపులో తిప్పింది.

ఏప్రిల్ 23

నాలుగు రోజులు ఎండాక రెండు వాలుల్లోంచీ పై ఆకు కొంచెం కోసి స్టవ్ మీద పట్టాను. డీఏపీ ఆకు మండింది. ఏమీ పెట్టని ఆకు కన్నా కాస్త మెల్లగా, అంతే తేడా. వెలిగారం ఆకు కూడా దాదాపు అదే కథ. రెండో పొర, మూడో పొర ఆకు, అంటే వాన నేరుగా తగలనిది మాత్రం ఇంకా పనిచేస్తోంది.

ఒక్క వాన. ఏఎస్‌టీఎం అని అమెరికాలో టెస్టుల పద్ధతులు రాసే సంస్థ ఉంది, వాళ్ళ బయటి చెక్క టెస్టులో వారానికి 96 గంటలు నీళ్ళు కురిపించి 72 గంటలు ఎండబెట్టి, అలా 12 వారాలు చేసాకే నిప్పు పెడతారట. బయట వాడే మందుల్లో ఉప్పు కరిగిపోకుండా చెక్క లోపలే రెజిన్‌లా గట్టిపడే రకం వాడతారు, అది సిలిండరు ఉన్న ఫ్యాక్టరీ పని. వాళ్ళు అన్ని వారాలు నీళ్ళు ఎందుకు పోస్తారో మార్చి 2న తాత ఒక్క ముక్కలో అడిగాడు, నేనే వినలేదు.

మే 1

పాక పనులు ఆపీసి వారం రోజులు అలిగి కూచున్నాను. ఈ లోగా ఒక తమాషా. తూర్పు చూరు కింద అమ్మ వేసిన ఆనప పాదు ఏనుగు చెవులంత ఆకులేసింది, ముదురాకుపచ్చ, పందిరంతా అల్లీసింది. పడమర చూరు కింద చిక్కుడు పాదుకి ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగు, కింద ఆకులు రాలిపోతున్నాయి. ఎరువు తూర్పుకి దిగింది, బోరాన్ ఎక్కువై చిక్కుడు మాడింది. మందు ఎక్కడికి పోయిందో అడగక్కర్లేదు, పాదులే చెప్తున్నాయి. అమ్మ "ఆ పక్కక్కూడా డీఏపీయే పెట్టాల్సింది" అంటాది. పాక సంగతి ఆవిడకి అనవసరం.

మే 4

పెయింటు గొడవ. చెక్కల గోడ బయటి ముఖానికి మంటకి ఉబ్బే పెయింటు ఆన్‌లైన్లో తెప్పించాను, ఏ కంపెనీ అని అడక్కండి. ఈ రకం పెయింటు వేడి తగిలితే నురగలా ఉబ్బి బొగ్గు మెత్తలా అయ్యి చెక్కకి వేడి చేరనివ్వదు, నిజంగా పనిచేసే వస్తువే, స్టవ్ మీద పెడితే అప్పడంలా లేచింది. కానీ డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "లోపలి వాడకానికి మాత్రమే" అని ఉంది. బయట వాడాలంటే పైన వాన ఆపే వేరే టాప్ కోటు కావాలట, అది వాళ్ళ దగ్గర స్టాకు లేదు. వెనక్కి పంపిస్తానంటే మూత తీసారు కదా అన్నారు. సరే, పొయ్యి వెనక లోపలి పక్క చెక్కలకి, వాసాలకి పూసీసాను, అక్కడికి సరిగ్గా సరిపోద్ది.

బయటి ముఖానికి మామూలు ప్రైమరు, రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ పెయింటు. అది మంట ఆపడానికి కాదు, లోపలున్న వెలిగారాన్ని వాన కడిగీకుండా. చెక్కల అడ్డంగా కోసిన కొసలకి మూడు కోట్లు, నీళ్ళు ఎక్కువ తాగేది కొసల నుంచే.

మే 11

పడమర వాలుకి మట్టి. రూర్కీలో సీబీఆర్‌ఐ అని కేంద్ర ప్రభుత్వ బిల్డింగ్ రీసెర్చ్ సంస్థ ఉంది, వాళ్ళు ఎప్పుడో తారు కలిపిన మట్టి పూత చెప్పారు, వానకి కొట్టుకుపోదు. తాతతో చెప్తే "మా అయ్య కాలంలో అటక మీద మట్టి మెత్తీవోరు బాబూ, పైన ఆకు కాలిపోయినా కింద బియ్యం బస్తాలు బాగుండీవి" అన్నాడు. ఈ మాట ఫిబ్రవరిలో చెప్పుంటే!

నేను చేసిన లెక్క: తారు 5 కేజీలు కరిగించి పొయ్యి మీంచి దించి పక్కకి తీసుకెళ్ళి, అప్పుడు కిరసనాయిలు కేజీ, మైనం 50 గ్రాములు. దించకుండా కిరసనాయిలు పోసారో, ఈ డైరీ అంతా దండగ. కిరసనాయిలు దొరకడం పెద్ద పని అయ్యింది, చివరికి భావనపాడు వైపు తెలిసిన పడవాయన ఇచ్చాడు. బంకమట్టి, తరిగిన వరిగడ్డి నాలుగు రోజులు మగ్గబెట్టి తొక్కి, ఆఖర్న ఆ తారు కలిపాం. తారు మండదా అని బావ అడిగాడు, ఒంటరిగా అయితే మండుద్ది, ఇక్కడ మట్టిలో కలిసేది కూరలో ఉప్పంతే కదా.

బరువే భయం. రెండు సెంటీమీటర్ల మందం అంటే చదరపు మీటరుకి 35 కేజీల దాకా, 20 మీటర్లకి 700 కేజీలు. బావ వాసాలు చూసి ఒప్పుకోలేదు. అందుకని గడ్డికుప్ప ఉన్న పడమర వాలుకి మాత్రమే, అదీ కింద ఇంకో మూడు తాటి వాసాలు ఎక్కించాక.

మే 18

నిప్పురవ్వల టెస్టు. పెద్ద కప్పులకి విదేశాల్లో మండుతున్న కర్రల జాలీ పైన పెట్టి గాలి తోలి చూస్తారు, అన్నిటికన్నా గట్టి టెస్టు, అంటే క్లాస్ ఏ అయితే ఆ జాలీ సుమారు 2 కేజీలు. 1923లో కాలిఫోర్నియాలో బర్క్లీ ఊరు అలా రవ్వలు ఎగిరే కాలింది, ఇళ్ళ మీద చెక్క పెంకులు ఉండటంతో ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి దూకుకుంటూ ఆరొందల దాకా కట్టడాలు పోయాయి. మాకు జాలీ లేదు, కొబ్బరి చిప్పలున్నాయి. టేబుల్ ఫ్యాను, రెండు బిందెల నీళ్ళు, హోసు పైపు, పక్కింటాయన కూడా (నిరుటి గడ్డికుప్ప ఓనరు, కాస్త మొహమాటంగా నిలబడ్డాడు).

మిగిలిన ఆకుతో మూరెడు మూరెడు కప్పు ముక్కలు మూడు కట్టి వాలుగా పెట్టాం. ఏమీ పెట్టనిది: చిప్ప నిప్పు పెట్టిన నిమిషంన్నరకి భగ్గుమంది. వానలో తడిసి ఎండిన వెలిగారం ఆకు: పైన కాలి లోపలి పొర దగ్గర మెల్లబడింది, మంట పెద్దది కాలేదు గానీ పొగ ఆగలేదు, నీళ్ళు పోసాం. మట్టి పూసింది: చిప్పలు దాని మీదే కాలి బూడిదైపోయాయి, మట్టి నల్లబడింది, అంతే.

అప్పుడు తాత ఒక చిప్ప తీసి మట్టి ముక్కకి కింది అంచు దగ్గర, ఆకు కొసలు బయటికి కనపడే చోట పెట్టాడు. ఫ్యాను గాలికి రెండు నిమిషాల్లో ఆకు కొసలు రాజుకొని మట్టి కిందుగా పొగ ఎక్కింది. నిరుడు మా చూరు అంటుకుందీ సరిగ్గా అక్కడే. సాయంత్రానికల్లా చూరు కొసలు సమానంగా కోసి, మట్టి మడత కిందికి తిప్పి మెత్తి, వాసాల మధ్య సందులు కూడా మూసీసాం. పొయ్యి పొగ పోడానికి ఒక కిటికీ మాత్రం వదిలి దానికి సన్న ఇనుప జాలీ కొట్టాం.

జూన్ 15

తొలకరి మూడు సార్లు పడింది. పడమర మట్టికి రెండు చోట్ల సన్న బీటలు, తారుమట్టితోనే పూడ్చాను. తూర్పు వాలు మీద చెయ్యగలిగింది ఏం లేదు, అటు గడ్డికుప్ప లేదు, లోపలి పొరల్లో డీఏపీ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. ఆ ఆకు ఎలాగూ రెండు మూడేళ్ళకి మార్చాలి, అప్పుడు ఇటు కూడా మట్టే.

గోడలోంచి కోసుకొచ్చిన చెక్క ముక్కలు ఆరు, నంబర్లు రాసి ఇంటి సన్‌షేడ్ కింద వేలాడదీసాను, మూడు పెయింటు వేసినవి, మూడు వెయ్యనివి. తుఫాను సీజన్ అయ్యాక, అంటే కార్తీకం వెళ్ళాక, కోసి పసుపు రాసి ఎరుపు ఎంత మిగిలిందో కొలుస్తాను. డ్రమ్ములో ఇంకా 40 లీటర్ల దాకా వెలిగారం నీళ్ళుంటే తాత నిన్న వచ్చి రెండు డబ్బాలు పట్టుకెళ్ళాడు, దబ్బల వెదురు ముంచుకోడానికట, పుచ్చకుండా. అమ్మ ఆనపకాయలు రెండు కోసి ఆయన చేతిలో పెట్టింది. తూర్పు చూరువి.